మూడొందల పన్నెండు మంది రాజ్యలక్ష్ములు

దేవుడు ఊరూరా తెలివి పంచుకుంటూ కోటిపాలెం వచ్చేసరికి చేతులు నొప్పిపుట్టి, మిగిలినదంతా తమ ఇంట్లో కుమ్మరించి వెళ్ళిపోయాడని పేర్రాజు గట్టి నమ్మకం. ఆ మాట ఇంట్లో ఉన్న ముగ్గురూ ఒప్పుకున్నారు. ముగ్గురూ ఒప్పుకున్నాక ఇక ఊరి ఒప్పుకోలుతో పనేముంది?

కోటిపాలెం నాటక సమాజం హాల్లో టిక్కెట్ల కౌంటరు తాతగారి నాటినుంచీ వాళ్ళదే. కిటికీ వెనక కుర్చీలో పేర్రాజు, చందాదారుల పుస్తకం ముందు అక్క మంగాయమ్మ, గేటు దగ్గర టిక్కెట్లు చింపడానికి తమ్ముడు అబ్బులు. "మనది చెప్పింది చెప్పినట్టు చేసే వంశంరా" అని తాతగారు పోతూ పోతూ చెప్పి పోయారు. అంటే ఎద్దు ఈనిందని ఎవరైనా అంటే, మారుమాట్లాడకుండా దూడను కట్టేసే వంశమన్నమాట.

ఏడాది చందా కట్టినవాళ్ళకి సమాజం వారు నెలకో నాటకం చూపిస్తారు. చందాదారులు మూడొందల పన్నెండు మంది. హాల్లో కుర్చీలూ అన్నే. ఎవరి కుర్చీ వారిది. పేరూ, కుర్చీ నంబరూ టిక్కెట్టు మీద అచ్చు కొట్టడానికి ఈ ఏడు కొత్తగా మిషను కొన్నారు. సరిగ్గా మొదటి నాటకం రోజున, మధ్యాహ్నం భోజనాల వేళ, ఆ మిషను మొండికేసింది. రాజ్యలక్ష్మి అన్న పేరులో 'రాజ్య' ఒక టిక్కెట్టు మీదా, 'లక్ష్మి' తర్వాత టిక్కెట్టు మీదా పడుతోంది.

"దానికంత గాభరా ఎందుకన్నయ్యా? ఇద్దరేసి మనుషుల్ని చెరి సగం కుర్చీలో కూర్చోమందాం" అన్నాడు అబ్బులు. పేర్రాజు తమ్ముడి బుర్రకి మురిసిపోయాడు.

ఆ మురిపెం తీరకముందే సమాజం అధ్యక్షురాలు చింతలూరి రాజ్యలక్ష్మి గారు వచ్చింది. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల హైస్కూలుకి హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. ఆవిడ చూస్తే గోడ మీద బల్లి కూడా తిన్నగా నడుస్తుంది.

"పేర్రాజూ! ఆరింటికి మొదటి గంట కొట్టేసరికి ప్రతి చందాదారు చేతిలోనూ టిక్కెట్టు ఉండాలి. లేదంటే రేపట్నుంచి ఈ కౌంటరు ఇంకొకరికి" అంది.

ఆ కిటికీ, ఆ కుర్చీ తప్ప పేర్రాజుకి లోకంలో ఇంకో పని తెలీదు. నిజానికి ఆ పనీ తెలీదు, ఆ సంగతి అతనికి తెలీదు. వెంటనే కాకినాడలో ఉన్న మెకానిక్ ఇమ్మానుయేలుకి ఫోను చేశాడు.

"కాగితం వంకరగా ఎక్కుంటుందండీ. లోపలున్న కాగితమంతా తీసేసి, మళ్ళీ తిన్నగా పెట్టండి, చాలు" అన్నాడు ఇమ్మానుయేలు.

"ఆయ్!" అన్నాడు పేర్రాజు.

అంతే! గది లోపలున్న కాగితమంతా వరండాలోకి నడిచింది. పాత రిజిస్టర్లు, గోడమీద పోస్టర్లు, కేలండరు, మేకుకి గుచ్చిన రసీదులు, ఒకటేమిటి! మంగాయమ్మ తన పకోడీల పొట్లం విప్పి, పకోడీలు ఒళ్ళో పోసుకుని, కాగితం మాత్రం బుద్ధిగా బయట పెట్టింది. పైగా తిన్నగా పెట్టమన్నాడాయె! కేలండరుకి స్కేలు ఆనించి మరీ తగిలించారు. గదిలోని కాగితాల్లో మిషనులో కాగితం కూడా ఒకటి గనక, అదీ వచ్చి, అదీ తిన్నగా వెళ్ళింది. పాపం, మిషను పొరపాటున బాగుపడింది.

పేర్రాజు మళ్ళీ ఫోను చేశాడు.

"ముందు ఒక్క టిక్కెట్టు కొట్టి చూడండి. అది బాగా వస్తే, మిగతావన్నీ అచ్చం అలాగే వచ్చేట్టు చూసుకోండి" అన్నాడు ఇమ్మానుయేలు.

పుస్తకంలో మొదటి పేరు అధ్యక్షురాలిదే. ముత్యంలాంటి టిక్కెట్టు వచ్చింది. 'చింతలూరి రాజ్యలక్ష్మి, క వరుస, 1'. ముగ్గురూ కళ్ళకద్దుకున్నారు. రెండోది వచ్చింది. 'కర్రి నూకరాజు, క వరుస, 2'.

"ఛీ ఛీ! ఇదేంటే అక్కా, అచ్చం అలా లేదు?" అన్నాడు పేర్రాజు.

"పేరు తేడా, నంబరు తేడా. మిషను ఇంకా కుదుటపడలేదురా" అంది మంగాయమ్మ, నూకరాజుని చించేసి.

ముచ్చటగా మూడో ఫోను. "రెండోది మొదటిదానిలా రావట్లేదండీ!"

ఇమ్మానుయేలు అప్పటికి అన్నం ముందు కూర్చున్నాడు. "అయితే ఎర్ర మీట నొక్కండి. మొదటిదే మళ్ళీ వస్తుంది" అన్నాడు విసుగ్గా.

ఇంకేముంది! పేర్రాజు ఎర్ర మీట మీద బొటనవేలు పెట్టి, మూడొందల పదకొండు లెక్క పూర్తయ్యేదాకా తియ్యలేదు. ఒక్కటీ చెడిపోలేదు. అన్నీ రాజ్యలక్ష్ములే, అన్నీ ఒకటో నంబరే. నాలుగింటికి కిటికీ తెరిచి చకచకా పంచేశాడు.

"ఒరే పేర్రాజూ, నేను రాజ్యలక్ష్మినేంట్రా?" అన్నారు లెక్కల మాస్టారు, కళ్ళజోడు సవరించుకుంటూ.

"ఈ పూటకి సర్దుకోండి మాస్టారూ. అచ్చు ఎంత బాగా పడిందో చూడండి!"

అయితే తెలివైనవాళ్ళకి ముందుచూపు కూడా ఉంటుంది కదా. గేటు మీద బోర్డు చూసి అబ్బులు కంగారుపడ్డాడు. 'టిక్కెట్టులో ఉన్న నంబరు కుర్చీలోనే కూర్చోవలెను' అని ఉందక్కడ. క వరుసలో ఒకటో నంబరు కుర్చీ చూస్తే ఒక్కటే.

"టిక్కెట్లు మూడొందల పన్నెండూ బాగానే ఉన్నాయిరా. తప్పంతా కుర్చీల్లోనే ఉంది" అని తేల్చాడు పేర్రాజు.

అంతే! ఎర్ర రంగు డబ్బా తెచ్చారు, మూడు కుంచెలు తెచ్చారు. ప్రతి కుర్చీకీ వీపు ఆనే చోట, పాత నంబరు మీదుగా, 'క-1' అని అరచేయంత అక్షరాలతో రాసి పారేశారు. చివరి కుర్చీ పూర్తయ్యేసరికి ఆరుకి పది నిమిషాలుంది. రంగు ఆరాలని బోర్డు మీద ఎక్కడా లేదు గనక, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

గేటు తీశారు. 'టిక్కెట్టు మీద పేరు గలవారికే ప్రవేశము' అని బోర్డులో రెండో వాక్యం. అబ్బులు ఒక్కొక్కర్నీ ఆపి పేరడిగాడు. ఊళ్ళో వాళ్ళకి వీళ్ళు కొత్తా? "రాజ్యలక్ష్మినే నాయనా" అన్నారు లెక్కల మాస్టారు. "రాజ్యలక్ష్మినిరా" అన్నాడు కర్రి నూకరాజు, మీసం దువ్వుకుంటూ. అందరూ లోపలికెళ్ళి, దొరికిన ఒకటో నంబరులో సుఖంగా చేరబడ్డారు.

అప్పుడొచ్చింది అసలు రాజ్యలక్ష్మి గారు, తెల్లటి పట్టుచీర కట్టుకుని.

"పేరండీ?" అన్నాడు అబ్బులు.

"కళ్ళు పోయాయా? రాజ్యలక్ష్మిని!"

అబ్బులు నోరు తెరిచాడు. "అదెలాగండీ? తమరు ఇప్పటికి మూడొందల పదకొండు సార్లు లోపలికెళ్ళేరు. ఒక్కసారి కూడా బయటికి రాలేదు. మళ్ళీ ఎలా వస్తారు?"

ఆవిడ అబ్బుల్ని పక్కకి నెట్టి, ఖాళీగా మిగిలిన ఒక్క కుర్చీలో వెళ్ళి కూర్చుంది. కాసేపటికి జ్యోతి వెలిగించమని వేదిక మీదికి పిలిచారు. ఆవిడ జనానికి వీపు పెట్టి దీపం వైపు వంగింది. తెల్లటి చీర మీద 'క-1' ఎర్రగా, తిరగబడి కనిపించింది. హాలంతా ఒక్కసారి ఘొల్లుమంది. నవ్వలేక లేచి నిలబడ్డ ముందు వరుసల వీపులు చూసి వెనక వరుసలు ఇంకా నవ్వాయి. ఆ తర్వాత వెనక వరుసల్లోని ఇల్లాళ్ళు తమ మొగుళ్ళ వీపులు చూసి, ఉతకాల్సింది తామేనని గుర్తొచ్చి నవ్వు ఆపేశారు.

"చూశావే అక్కా! ఒక్కటైనా సగం సగం పడలేదు" అన్నాడు పేర్రాజు, తలుపు సందులోంచి చూస్తూ.

ఆవిడ తిన్నగా కౌంటరు దగ్గరికే వచ్చింది. అరవలేదు. అదే భయం. "పేర్రాజూ! రేపట్నుంచి నువ్వు ఈ కౌంటర్లో నాకు కనపడకూడదు" అని వెళ్ళిపోయింది.

పేర్రాజు కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆరింటికల్లా అందరి చేతుల్లో టిక్కెట్లు పెట్టాడు కదా, మాట నిలబెట్టుకున్నాడు కదా! తాతగారి కుర్చీని పట్టుకుని వదల్లేదు. అది చూసి మంగాయమ్మకీ దుఃఖం వచ్చింది, దాని వెనకే తెలివీ వచ్చింది.

"ఎందుకురా ఏడుస్తావు? కనపడొద్దంది గానీ, కూర్చోవద్దందా?"

మర్నాడు పొద్దున్నే రాజ్యలక్ష్మి గారు కొత్త గుమాస్తాని వెంటబెట్టుకుని వచ్చింది. కిటికీ తెరిచే ఉంది. చెరో పక్కా మంగాయమ్మ, అబ్బులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మధ్యలో కుర్చీ మీద, తలనుంచి కాళ్ళదాకా ముసుగేసుకుని, పెద్ద దుప్పటి.

"పేర్రాజు ఏడీ?" అందావిడ.

"కనపడట్లేదు కదండీ!" అన్నాడు అబ్బులు గర్వంగా.

"మరి ఆ దుప్పట్లో ఉన్నదెవరు?"

"ఎవరూ లేరండీ" అంది దుప్పటి వినయంగా. "నిన్నటి టిక్కెట్టు మార్చాలాండీ? ఇలా ఇవ్వండి" అంటూ ఒక చెయ్యి బయటికొచ్చింది.

"చెయ్యి కనపడుతోందిరా సన్నాసీ!" అని మంగాయమ్మ దానిమీద ఒక్కటి వేసింది.