సంగటి పాటలో పేరు

మా అయ్యవారిని ఏదైనా అడగదలుచుకున్నవాడు ముందు తన కాళ్లకు చెప్పులున్నాయో లేదో చూసుకోవాలి. ఎర్రిస్వామి అయ్యవారు అడిగినచోట జవాబు చెప్పిన పాపాన పోలేదు. "పద, చూసొద్దాం" అంటారు. ఆ చూసేదేదో వీధి చివర ఉండొచ్చు, ఆరు మైళ్ల అవతల ఉండొచ్చు. ఒకసారి నేను బుద్ధి తక్కువై, కర్మ అంటే ఏమిటి స్వామీ అని అడిగాను. మిట్టమధ్యాహ్నం రోళ్లు పగిలే ఎండలో గుట్ట చుట్టూ తిప్పి తీసుకొచ్చారు. కర్మ అంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు గానీ, ఎండాకాలంలో అడగకూడదని మాత్రం తెలిసింది.

ఆయన బడిపంతులుగా పనిచేసి, ఆ పని ముగిశాక బోడిగుట్టపల్లెలో తత్వాలు చెప్పుకుంటూ ఉండిపోయారు. మేం ఏడెనిమిది మంది శిష్యులం. సోమవారం సోమవారం పొద్దుటి పూట భజన. నేను తాళాలు వేస్తాను. పాడేది ఓబుళేసు. బస్సులో కండక్టరు పని. "ముందుకు జరగండప్పా" అని అరిచీ అరిచీ గొంతు పోవాల్సినవాడు, భజనలో నోరు తెరిస్తే ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకుంటారు. అంత గొంతూ తిప్పన్న పాటల కోసమే పుట్టిందని మా అందరి నమ్మకం.

తిప్పన్న ఎవరో చెప్పాలి. మాకు నాలుగు మైళ్లలో ఉన్న జొన్నకుంటలో పుట్టి, తంబూర భుజాన వేసుకుని ఊరూరా తిరిగినవాడు. మా వైపు పెళ్లైనా, చావైనా, జాతరైనా ఆయన పాట లేనిదే జరగదు. చదువు రాదు, ఒక్క పాటా కాగితం మీద పెట్టలేదు. ఓబుళేసు పన్నెండేళ్ల వయసు నుంచీ ఆయన వెనక కూర్చుని వంత పాడినవాడు కాబట్టి, ఆయన కట్టిన అరవై పాటలూ వరసగా, పొల్లుపోకుండా తెలిసినవాడు వీడొక్కడే. అన్నింట్లోకీ పేరుపడింది సంగటి పాట.

"సంగటి కెలికే చేతికి దండం పెట్టరా
సామి యాడుండాడని కొండలెక్కకురా"

అని ఎత్తుకుంటుంది. తత్వం కట్టినవాడు చివరి చరణంలో తన పేరు పెట్టుకోవడం రివాజు గదా. దీనిలోనూ చివర,

"జొన్నకుంట తిప్పన్న చెప్పిన మాటరా
కాలు గడిగి ఇంటిలోకి అడుగుపెట్టరా"

అని వస్తుంది. ఆ మాట విని, తాగొచ్చి పెళ్లాన్ని కొట్టే అలవాటు మానుకున్నవాళ్లు మా ఊళ్లోనే ఇద్దరున్నారు. పేర్లు చెప్పను, ఇద్దరూ నాకు చుట్టాలే.

పోయిన ఎండాకాలం తిప్పన్న చనిపోయాడు. పదకొండో రోజు ఓబుళేసు జొన్నకుంట వెళ్లాడు. అన్నేళ్లూ తిప్పన్నతో ఊళ్ల వెంట పాడడమే గానీ ఆ ఇంటి గడప తొక్కినవాడు కాదు, ఆయన భార్య సుంకమ్మను దగ్గరగా చూడడం వాడికి అదే మొదటిసారి. ఆమె ఎడమ మణికట్టు వంకరగా అతుక్కుని ఉంది. "యాడన్నా పడినావా పెద్దమ్మా?" అన్నాడట మావాడు. పక్కనున్న ముసలామె అందుకుని, "పడల్యా నాయనా. మీ పాటగాడు సంగటి గడ్డలు కట్టిందని తెడ్డుతో కొట్టినాడు" అందట. ఓబుళేసు విస్తరి ముందు కూర్చోకుండానే తిరిగొచ్చాడు. వారం రోజులు బస్సులో చిల్లర కూడా సరిగ్గా ఇవ్వలేదని జనం చెప్పుకున్నారు.

ఆ తర్వాతి సోమవారం భజనలో జరిగింది అసలు సంగతి. వాడు సంగటి పాట ఎత్తుకున్నాడు, బాగానే పాడాడు, చివరి చరణం దగ్గరికి వచ్చాడు. వచ్చి, "బోడిగుట్ట ఎర్రిస్వామి చెప్పిన మాటరా" అన్నాడు. నా చేతిలో తాళం ఆగిపోయింది. ముప్పై ఏళ్లలో నాకు తాళం తప్పడం అదే మొదలు. అయ్యవారు అప్పుడే మజ్జిగ నోట్లో పోసుకున్నారు, అది ముక్కులోంచి వచ్చింది.

దగ్గు తెరిపి ఇచ్చాక అయ్యవారు అడిగారు. "ఒరే ఓబుళేసూ, నేను సంగటి మీద పాట కట్టింది ఎప్పుడురా?"

వాడు చాప అంచు పీకుతూ కూర్చున్నాడు.

"బతికుండగానే నన్ను దొంగని చేసినావు గదరా!"

అప్పుడు వాడు ఏడ్చాడు. నలభై ఐదేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు. "ఆ పాట పాడితే నాకు మా అమ్మ కనబడతాది అయ్యవారూ. ఆయన పేరు పలికితే ఆ చెయ్యి కనబడతాది. పాడితే ఆయమ్మకు ద్రోహం చేసినట్లుంది. మానేస్తే, నాకీ గొంతు ఎందుకుందో నాకే తెలీకుండా పోతాంది. అందుకే పేరు తీసేసినా. పాడల్లా, వద్దా? మీరే చెప్పండి."

నేను గబగబా నా చెప్పులు వెతుక్కున్నాను. అయ్యవారు అప్పటికే గడప దాటి, "పద, చూసొద్దాం" అన్నారు.

జొన్నకుంటకు దారి పొడుగునా ఆయన మాట్లాడింది ఒక్కటే, ఈసారి వానలు ముందే పడేట్టున్నాయని. విత్తనాల రోజులవి. ఊళ్లో ప్రతి పందిరి కిందా ఆడవాళ్లు విత్తనానికి చెనిక్కాయలు, అదే వేరుశనగ, వలుస్తున్నారు. సుంకమ్మ ఇంటి సందు మలుపు తిరగకముందే పాట వినబడింది. సంగటి పాటే. ఓబుళేసు గోడ పక్కన టక్కున ఆగిపోయాడు. అయ్యవారు మమ్మల్ని అక్కడే ఉండమని చేత్తో సైగ చేశారు.

గొంతు సన్నగా ఉంది, కొంచెం జీరగా ఉంది, కానీ పాట మీద ఎంత ఇష్టమో ఆ పాడడంలోనే తెలుస్తోంది. ఒక్క గమకం వదలలేదు. చరణం తర్వాత చరణం నడిచింది. వలిచిన గింజలు చేటలో పడుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. చివరి చరణం వచ్చింది.

"జొన్నకుంట తిప్పన్న..."

"నీ చెయ్యిరగ!"

"...చెప్పిన మాటరా."

నేను అదిరిపడి గోడ పక్కనుంచి తొంగి చూశాను, పాడుతున్నదీ తిట్టిందీ సుంకమ్మే. సుంకమ్మ మళ్లీ ఆ వరస ఎత్తుకుంది. ఈసారి పక్కన వలుస్తున్న ఇద్దరు ఆడవాళ్లూ కలిశారు. తిప్పన్న పేరు రాగానే ముగ్గురూ ఒక్క గొంతుతో "నీ చెయ్యిరగ!" అన్నారు, అని తాపీగా పాటలోకి దిగారు. తాళాలు వేసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆ తిట్టు ఇసుమంత అటూ ఇటూ కాకుండా తాళంలో పడింది. ఇవాళ నిన్న మొదలుపెట్టినవాళ్లకు అంత సాఫీగా రాదు.

మేం పందిట్లోకి వెళ్లాం. సుంకమ్మ అయ్యవారిని చూసి లేవబోయింది. ఆయన వద్దని చెప్పి, తనే నేల మీద కూర్చుని దోసెడు కాయలు ముందుకు లాక్కుని వలవడం మొదలుపెట్టారు. నాకూ ఒక దోసెడు తోశారు. ఓబుళేసు మాత్రం ఆమె ఎదుట గొంతుక్కూర్చుని, మొక్కు చెల్లించేవాడిలా చేతులు జోడించాడు.

"పెద్దమ్మా, ఇంకమీద ఆ పేరు మా భజనలో వినబడదు. నేను తీసేసినా."

ఆమె దీవిస్తుందనే అనుకున్నాడు పాపం. నేనూ అలాగే అనుకున్నాను.

సుంకమ్మ చేతిలో కాయ కింద పెట్టింది. "తీసేసినావా? ఎవుర్నడిగి తీసేసినావప్పా?"

"నీ చెయ్యి చూసినాక ఆ పేరు నా నోట్లోకి రాల్యా పెద్దమ్మా."

"చెయ్యి నాది, నోరు నీదా?" ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. "నా చెయ్యి ఇరిచినోడూ వాడే, పాట కట్టినోడూ వాడే. రెండూ చేసినోని పేరు ఒక్కటే గదా! అది తీసి పారేస్తే రేపు నేను ఎవుర్ని తిట్టల్ల? ఏం పేరు పెట్టినావు దాని బదులు?"

ఓబుళేసు భయం భయంగా అయ్యవారి వైపు చూశాడు.

"ఈ అయ్యవారి పేరా? అయితే ఈ సామిని తిట్టల్లా నేను?"

"నన్నొద్దు తల్లీ" అన్నారు అయ్యవారు చేతులు జోడించి. పందిట్లో ఆడవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. సుంకమ్మకూ నవ్వొచ్చింది గానీ ఆపుకుంది.

ఓబుళేసు ఒక్కడే నవ్వలేదు. వాణ్ణి తొలుస్తున్న మాట ఇంకొకటి ఉంది. మెల్లగా అడిగాడు. "పెద్దమ్మా, ఈ పాట ఎప్పుడు కట్టినాడు? కొట్టకముందా, కొట్టినంకనా?"

ఆమె ఒక కాయను వంకర చేత్తో నేలకు అదిమి, కుడిచేత్తో చిట్లించి, గింజలు చేటలో వేసింది. "కొట్టినంకనే. నా చెయ్యి కట్టులో ఉన్నెప్పుడు పది దినాలు సంగటి వాడే కెలికినాడు. పొయ్యి ఊది ఊది కండ్లు ఎర్రగయ్యేటివి. కెలుకుతా కెలుకుతా కట్టినాడు. ఈడనే, ఈ వంటింట్లోనే."

ఓబుళేసు మొహం వెలిగిపోయింది. మునిగిపోతున్నవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది. "అయితే తప్పు తెలుసుకున్నాడు పెద్దమ్మా! తెలుసుకోబట్టే అంత పాట వచ్చింది!"

"తెలుసుకున్నోడు నాకు చెప్పల్ల గదా నాయనా" అంది సుంకమ్మ. ఈసారి కోపం లేదు, బాధే ఉంది. "ఊరూరా తిరిగి అందర్నీ దండం పెట్టమన్యాడు. అందరూ పెట్టినారంట. వాడు మాత్రం పెట్టల్యా. ఎందుకు కట్టినాడో ఎవురికీ చెప్పల్యా. పదకొండో దినం నువ్వు అడిగినావే, యాడన్నా పడినావా అని? వాని పాటలన్నీ తెలిసిన నీకే ఆ సంగతి తెలీదు."

ఓబుళేసు తల దించుకున్నాడు. "మరి నువ్వెందుకు పాడతావు పెద్దమ్మా ఆ పాట?"

"బాగుంది గదా!" అంది ఆమె, ఇదేం ప్రశ్న అన్నట్టు. "నీకు బాగలేదా? వాడు పాడతా ఉంటే నేను వాకిట్లో నిలబడి వినేదాన్ని. ఇప్పుడైనా ఎవురన్నా పాడితే ప్రాణం లేసొస్తాది. నేను యాడ మన్నించినా వాన్ని? మన్నించల్యా. పాట బాగుంది, పాడతా. అంతే."

పొద్దు వాలుతుంటే లేచాం. అయ్యవారు ఆమెకు చెప్పిందీ లేదు, మాకు చెప్పిందీ లేదు. సందు దాకా వచ్చి ఓబుళేసు వెనక్కి తిరిగాడు. "తొలి ఏకాదశికి మా ఊళ్లో పొద్దుటి పూట భజన ఉంది పెద్దమ్మా. నువ్వు రావల్ల."

"నేను రాను. వస్తే తిడతా" అంది సుంకమ్మ.

ఓబుళేసు అయ్యవారి వైపు చూశాడు. అయ్యవారు అరచేతిలో నాలుగు గింజలు పెట్టుకుని ఊదుతున్నారు, పొట్టు ఎగిరిపోయేదాకా చూస్తూ నిలబడ్డారు. వీడికి సాయం దొరకలేదు. చివరికి తనే, "అయినా రా" అన్నాడు.

తొలి ఏకాదశి పొద్దున భజన మందిరం కిటకిటలాడింది. తిప్పన్న పోయాక మొదటి పండగ కదా, పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు. ఆడవాళ్ల వైపు స్తంభం దగ్గర సుంకమ్మ కూర్చుని ఉంది. కొంగు కింద చెయ్యి దాచుకుని ఉంది. ఓబుళేసు ఆమెను చూశాడు, గొంతు సవరించుకున్నాడు, సంగటి పాట ఎత్తుకున్నాడు. వాడు ఆ పేరు పలుకుతాడా, మింగేస్తాడా, మళ్లీ మా అయ్యవారి నెత్తికి చుడతాడా అని, పాట వినడం మానేసి వాడి పెదవులే చూస్తూ కూర్చున్నాను.

చివరి చరణం వచ్చింది.

"జొన్నకుంట తిప్పన్న..." అన్నాడు గట్టిగా, తేటగా. అని, ఆగాడు.

నేనూ తాళం ఆపాను. ఓబుళేసు స్తంభం వైపు చూస్తున్నాడు. నుదుటి మీద చెమట కారుతోంది, తుడుచుకోవడం లేదు. సుంకమ్మ లేచి నిలబడింది. కొంగు కింద నుంచి ఆ చెయ్యి బయటికి తీసింది, అందరికీ కనబడేట్టు ఎత్తింది.

"నీ చెయ్యిరగ!"

వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు సగంలోనే తెగిపోయింది, ఆ చెయ్యి చూసినట్టున్నారు. ఎవరూ ఏమీ చెప్పకుండానే సంగతి బోధపడిందని ఆడవాళ్ల వైపు చూస్తే తెలిసింది. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా చుట్టాలిద్దరూ నేల చూపులు చూస్తున్నారు. ఓబుళేసు కళ్లల్లో నీళ్లు ధారగా కారిపోతుండగానే, "చెప్పిన మాటరా" అని అందుకున్నాడు. "కాలు గడిగి ఇంటిలోకి అడుగుపెట్టరా" అన్నప్పుడు వాడి గొంతు నేను ఎన్నడూ విననంత మెత్తగా ఉంది. వాడు మళ్లీ ఆ వరస ఎత్తుకుని పేరు దగ్గర ఆగాడు. ఈసారి ఆడవాళ్లంతా సుంకమ్మతో కలిసి అన్నారు. నా తాళం తప్పలేదు.

భజన అయ్యాక మందిరం పెద్ద బయపరెడ్డి మొహం మాడ్చుకుని అయ్యవారి దగ్గరికి వచ్చాడు.

"ఏకాదశి పూట, దేవుని ముందర, భజనలో అదేంది అయ్యవారూ?"

అయ్యవారు ప్రసాదం కళ్లకు అద్దుకుంటూ అన్నారు.

"చరణం, రెడ్డీ. తిప్పన్న కట్టకుండా ఎగ్గొట్టింది."