చెప్పులు విడిచే చోటు

దస్తగిరి ఆ సాయంత్రం పాఠం మధ్యలోనే సుద్దముక్క కింద పెట్టి బయటికొచ్చేశాడు.

పెన్న ఒడ్డున గుట్ట మీది దర్గాలో పొద్దువాలాక కుర్రకారుకి ఇంగ్లీషు చెప్పడం అతని పని. అతనికి చదువు నేర్పింది ఆ దర్గా గురువు మొహిద్దీన్ సాహెబ్. ఆ గురువుల వరసలో పెద్దపీట గోరీ పక్కన ఉండదు, గుమ్మం బయట భక్తులు చెప్పులు విడిచే చోట ఉంటుంది. లోపలికెళ్లినవాళ్లు తిరిగొచ్చేదాకా గురువు వాళ్ల చెప్పులకు కాపలా కాయాలి. వచ్చే ఉరుసు నుంచి అక్కడ దస్తగిరి కూర్చుంటాడని ముసలాయన అందరికీ చెప్పేశాడు కూడా.

ఆ చెప్పుల మధ్యనే దస్తగిరి ఒకప్పుడు పసిగుడ్డుగా దొరికాడు. అక్కడ పడుకోబెట్టి వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు. సాహెబే ఎత్తుకుని పెంచాడు. సంగతి ఊరంతటికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

ఆ రోజు పాఠం 'కీప్' అనే క్రియాపదం. దాచడం, కాపాడడం, దగ్గర ఉంచుకోవడం, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం, ఆపకుండా చేస్తూ పోవడం, అన్నీ ఉదాహరణలతో ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. అసలీ మాట ఎక్కడ పుట్టిందని ఒకమ్మాయి అడిగింది. నదీమూలం, ఋషిమూలం అడగకూడదంటారు గానీ మాట మూలం అడిగితే తప్పేముంది? పెద్ద నిఘంటువు తీసి చూశాడు. చాలా పాత మాటేనట, పుట్టుక మాత్రం తెలియదట, చుట్టపు మాటలు కూడా ఎక్కడా దొరకలేదట. అదే చదివి వినిపించాడు.

"మన సార్ మాదిరే" అన్నాడు వెనక బల్ల మీంచి ఒకడు. క్లాసంతా నవ్వింది.

గుమ్మం బయట చెప్పుల దగ్గర కూర్చున్న గురువుకి దస్తగిరి జరిగిందంతా చెప్పాడు.

"ఆ చోట నేను కూచోను హజరత్. రేపు పెద్దోళ్లు అడుగుతారు, వీడెవరి బిడ్డ అని. ఏం చెప్పాల?"

అప్పుడే ఎవరో పైఊరి మనిషి బురద చెప్పులు విడిచి లోపలికి పోయాడు. ముసలాయన అతని పేరు అడగలేదు, ఊరు అడగలేదు. చెప్పులు అందుకుని, బురద తుడిచి, చూరు కింద పెట్టాడు.

తర్వాత మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు. ఇన్నేళ్లుగా లోపలికెళ్లేటప్పుడు తన చెప్పులు గుడ్డసంచిలో వేసి చంకన పెట్టుకుపోయేవాడు, ఎవరికీ అప్పగించింది లేదు. ఆ రోజు వాటిని విడిచి దస్తగిరి చేతుల్లో పెట్టాడు.

"చూసుకో బేటా. నేను తిరిగొస్తా."

ఒట్టికాళ్లతో గడప దాటాడు.

అరిగిపోయిన ఆ చెప్పులు పట్టుకుని దస్తగిరి చాలాసేపు నిలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు. చొక్కా అంచుతో వాటి దుమ్ము తుడిచి, చూరు కింద పెట్టి, ఆ చోట కూర్చున్నాడు.

కాసేపటికి విద్యార్థులు వెతుక్కుంటూ వచ్చారు. ఇందాకటి అమ్మాయి భయపడుతూనే, నోట్సులో ఆ మాట పుట్టుక దగ్గర ఏం రాసుకోమంటారని అడిగింది.

"తెలీదనే రాసుకోమ్మా" అన్నాడు.

అందరి వెనక వెనకబల్లవాడు చెప్పులు విడిచి తల వంచుకుని నిలబడ్డాడు. దస్తగిరి చెయ్యి చాచి అతని చెప్పులు అందుకుని, దుమ్ము తుడిచి, సాహెబ్ చెప్పుల పక్కన పెట్టాడు.