చూపు తిప్పితే పొంగే పాలు

ఒకప్పుడు పాలు పొంగేవి కావు.

పొయ్యి మీద ఎంతసేపు పెట్టినా, కింద ఎన్ని పుల్లలు ఎగదోసినా, నీళ్ళలాగే కుండలోనే గుడగుడమని మరిగేవి. ఆవిరి తన దారిన తాను పైకి పోయేది. పాలు తమ చోటున తాము ఉండేవి. పాల మీద మీగడ కూడా కట్టేది కాదు. వెన్న ఇక్కడో చుక్క, అక్కడో చుక్కగా చెదిరి పాలలోనే తిరిగేది.

ఆ రోజుల్లో ఇంకో వింత ఉండేది. ఇంట్లో వస్తువులు మనిషి మాట వినేవి. "ఇక్కడ ఉండు" అంటే అక్కడే ఉండేవి. అడిగితే జవాబు చెప్పేవి. మనుషులు లేనప్పుడు వాటిలో అవి మాట్లాడుకునేవి. కానీ వాటి గొంతు చాలా చిన్నది. నాలుగు గోడలు దాటి వినబడేది కాదు.

ఆ కాలంలో తవిటమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె కోడి కూయక ముందే లేచి, ఇల్లు ఊడ్చి, నేల అలికి, ముగ్గు పెట్టేది. ఆ తర్వాత నడి ఇంట్లో నిలబడి అందరికీ పేరు పేరునా చెప్పేది.

"చీపురూ, మూల దాటి రాకు. బానలో నీళ్ళూ, మూత కిందే ఉండండి. నిప్పూ, పొయ్యి గట్టు దాటకు. తెలిసిందా?"

"తెలిసింది" అనేవి అన్నీ.

ఆ ఇంట్లో మాట తెలియనివాడు ఒక్కడే. ఆమె కొడుకు సూరప్పడు. వాడికి ఏడో నెల. వాడు బోర్లా పడిన రోజున తవిటమ్మ బొబ్బట్లు చేసింది. కూర్చున్న రోజున కుడుములు చేసి వీధంతా పంచింది. ఇక పాకితే పాయసం చెయ్యాలని బెల్లం కొట్టి డబ్బాలో దాచింది. కానీ వాడికి ఇంకా పాకడం రాలేదు. కూర్చోబెడితే కూర్చున్నచోటే ఉండేవాడు. కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుని ఇల్లంతా కలయజూసేవాడు.

ఒక రోజు పొద్దెక్కింది. ఇంటాయన పొలానికి పోయాడు. తవిటమ్మ పొయ్యి మీద పాలకుండ పెట్టి, పుల్లలు ఎగదోసింది. అంతలో వీధిలోంచి పక్కింటి పారమ్మ కేక వినబడింది.

"ఒలే తవిటమ్మా! కళ్ళంలో నీ చోళ్ళ మీద మేకలు పడ్డాయే! ఒకటీ రెండూ కాదు, మంద మొత్తం పడింది!"

చోళ్ళంటే రాగులు, ఆ ఇంటికి ఆరు నెలల అంబలి. తవిటమ్మ గబగబా లేచింది. సూరప్పణ్ణి పొయ్యికి దూరంగా, అవతలి గోడ దగ్గర బొంత మీద కూర్చోబెట్టింది.

"పాలూ, నేనొచ్చేదాకా కుండలోనే ఉండండి. సూరప్పా, నేనొచ్చేదాకా బొంత మీదే ఉండు."

"సరే" అన్నాయి పాలు.

"బ్బు" అన్నాడు సూరప్పడు.

తవిటమ్మ దాన్ని కూడా సరే అనుకుంది. అది ఆమె చేసిన మొదటి తప్పు.

కళ్ళంలో మేకల్ని తోలడానికి ఎంతసేపు? రెండు మట్టిబెడ్డలు విసిరింది, అవి పోయాయి. చెదిరిన గింజల్ని కుప్ప చేసింది. అప్పుడే ఇంటికి పోవలసింది. కానీ పారమ్మ అడిగింది.

"నీ గుంటడేడే?"

"ఇంట్లో ఉన్నాడు."

"ఒక్కడేనా?"

"ఒక్కడేటి? ఇల్లంతా ఉంది కదా! నా ఇంట్లో నా మాట కాదని గరిటె కూడా కదలదు. నీ ఇల్లనుకున్నావేటి, రోకలి వాకిట్లో, చేట కోళ్ళ దగ్గర!"

"చాల్లే సంబడం. గరిటెకీ గుంటడికీ పోలికేటే?"

"కూర్చోబెడితే కూర్చున్నచోటే ఉంటాడు. పాకడం ఇంకా రాలేదు."

"నిన్న రాలేదు. ఇయ్యాల పాకితే నీకు చెప్పి పాకుతాడేటి?"

తవిటమ్మకు ఆ మాట గుచ్చుకుంది. నడుముకు చెంగు బిగించి, తన ఇల్లు ఎంత పద్ధతిగా నడుస్తుందో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఇంటి పద్ధతి చెప్పడంలో పడి ఇంటినే మరిచిపోయింది. అది ఆమె చేసిన రెండో తప్పు. మొదటిది తెలియక చేసింది. రెండోది గొప్పకు పోయి చేసింది. రెండోదే పెద్దది.

ఇక్కడ ఇంట్లో ఏం జరిగిందో చూడండి.

సూరప్పడు గోడను చూశాడు. చీపురును చూశాడు. చివరికి పొయ్యిని చూశాడు. అక్కడ ఏదో ఎర్రగా, పచ్చగా, గంతులు వేస్తోంది! అదేమిటి? వాడు ముందుకు వంగాడు. ఇంకా వంగాడు. తబ్బున రెండు చేతుల మీద పడ్డాడు. ఏడవలేదు. ఒక మోకాలు ముందుకు జరిపాడు. తర్వాత రెండో మోకాలు.

"చూశారా, చూశారా? పాకాడు!" అన్నాయి బానలో నీళ్ళు.

"పాకాడు, పాకాడు!" అంది చీపురు.

"అయితే రేపు పాయసమే!" అన్నాయి పాలు. పాయసమంటే పాల పండుగ కదా. అందుకని అందరికన్నా పాలే ఎక్కువ సంబరపడ్డాయి.

ఆ సంబరం కొంచెంసేపే. సూరప్పడు ఎటు పాకుతున్నాడో అందరికీ ఒక్కసారే తెలిసింది. 

"వద్దు నాన్నా! ఇటు రాకు!" అని అరిచింది నిప్పు.

నిప్పు అరిస్తే ఏమవుతుంది? మంట లేస్తుంది. లేచిన మంటను చూసి సూరప్పడు కిలకిలా నవ్వి, ఇంకా తొందరగా పాకాడు.

"తవిటమ్మా! తవిటమ్మా!" అని వస్తువులన్నీ పిలిచాయి. ఆ పిలుపు గుమ్మం దాటలేదు.

"నిప్పు తాతా, నువ్వు పక్కకు జరగలేవా?" అన్నాయి పాలు.

"జరగలేను. ఎదురుగా ఏది వస్తే అది తినడమే నాకు తెలుసు. వీడు మనవాడని నా మనసుకు తెలుసు గానీ, నా నాలుకకు తెలియదు. త్వరగా ఎవరైనా నన్ను ఆర్పండి!"

పాలు బాన వైపు చూశాయి. "నీళ్ళక్కా, మూత తోసుకుని రా!"

"మమ్మల్ని మూత కిందే ఉండమంది" అన్నాయి నీళ్ళు. "చెప్పిన మాట దాటితే రేపు తిట్లు తినేదెవరు? మిమ్మల్ని మాత్రం కుండలో ఉండమనలేదా? మీరూ ఉండండి."

చెప్పిన చోట ఉండటం మంచి గుణమే. నేను కాదనను. కానీ కళ్ళెదుట పసివాడు నిప్పుకేసి పోతుంటే, నన్ను ఉండమన్నారు కదా అని ఉండిపోవడం మంచి గుణం కాదు. అది తప్పించుకోవడం.

పాలు కుండలోంచి తొంగి చూశాయి. సూరప్పడు ఇంకా బారెడు దూరంలో ఉన్నాడు.

"మేం రోజూ ఉగ్గుగిన్నెలోంచి వాడి గొంతులోకి పోతాం" అన్నాయి పాలు. "వాడి బుగ్గలు మేమే. వాడి తొడల మీద మడతలు మేమే. మేం ఇక్కడ ఎలా కూర్చుంటాం? తిట్లు తింటాం. శిక్ష వేస్తే పడతాం. కానీ పైకి ఎక్కడం ఎలా? మాకు కాళ్ళు లేవే!"

అప్పుడు పాలలో చెదిరి తిరుగుతున్న వెన్న చుక్కలు ఒకదాన్నొకటి పిలుచుకున్నాయి. "రండి, రండి, పైకి రండి!" అన్నీ పైకి తేలి, చేతులు పట్టుకుని, కుండ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా దుప్పటిలా పరుచుకున్నాయి. అదే మీగడ.

కింద నుంచి వస్తున్న ఆవిరి దానికి తగిలి ఆగిపోయింది.

"దారి మూసేశారేం? నన్ను పోనివ్వండి!" అంది ఆవిరి.

"పోదువుగాని, మమ్మల్ని కూడా ఎత్తుకుని పో!" అన్నాయి పాలు.

సూరప్పడు మూరెడు దూరానికి వచ్చాడు.

ఆవిరి కోపంగా తోసింది. మీగడ దుప్పటి ఉబ్బింది. దాంతోపాటు పాలు లేచాయి. బెత్తెడు లేచాయి, అంచు దాకా లేచాయి. అంచు మీద ఒక్క క్షణం ఆగి చూసుకున్నాయి.

"పిల్లాడి వైపు పడకండి! పొయ్యి లోపలికే పడండి!"

పడ్డాయి. కుండ చుట్టూ తెల్లగా జారి, నేరుగా నిప్పు నెత్తిన పడ్డాయి. బుస్సుమంది. నిప్పు "బతికించారు" అని, ఆ మాటతోనే ఆరిపోయింది. పొగ గుప్పున లేచింది. ఆ చప్పుడుకు సూరప్పడు ఉలిక్కిపడి, వెనక్కి కూలబడి, గుక్కపట్టి ఏడ్చాడు.

పొగతో పాటు ఒక వాసన లేచింది. మాడిన పాల వాసన. అంతకు ముందు లోకంలో ఆ వాసన ఎవరూ ఎరుగరు. వస్తువుల గొంతు దాటలేని గుమ్మాన్ని అది దాటింది. వీధి దాటింది. కళ్ళం చేరింది.

"ఏటే ఈ వాసన?" అంది పారమ్మ ముక్కు ఎగబీలుస్తూ.

 తవిటమ్మ చెంగు జారుతున్నా చూసుకోకుండా పరిగెత్తింది.

గుమ్మంలో అడుగు పెడుతూనే ఆమె కుండను చూసింది. పాలు చాలావరకు బూడిదలో ఉన్నాయి.

"ఛీ! మాట తప్పిన పాలు! కుండలో ఉండమని చెప్పి పోయానా? ఇలాంటి పాలు నా ఇంట్లో ఉండడానికి వీల్లేదు!" అని కుండను పారబోయడానికి చెయ్యి చాపింది.

అప్పుడు ఆమె కాళ్ళ దగ్గర ఎవరో వెక్కారు.

సూరప్పడు పొయ్యి ముందే కూర్చుని ఉన్నాడు. ఆరిపోయిన పుల్ల చివర వాడి చేతికి జానెడు దూరంలో ఉంది.

తవిటమ్మ వెనక్కి తిరిగి బొంతను చూసింది. ఖాళీగా ఉంది. పొద్దున అలికిన నేల ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆ నేల మీద, బొంత దగ్గర్నుంచి పొయ్యి దాకా, రెండు చిన్న మోకాళ్ళ జాడ ఉంది.

 కొడుకును ఎత్తుకుని, అరచేతులు తిప్పి తిప్పి చూసింది. బూడిద తప్ప ఏమీ లేదు. అప్పుడు కూలబడింది.

"ఏం జరిగింది? ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అంది.

చీపురు చెప్పింది. నీళ్ళు తలవంచుకుని చెప్పాయి. కుండ అడుగున మిగిలిన కాసిని పాలు అన్నాయి, "మాట తప్పాం, నిజమే. శిక్ష వెయ్యి."

తవిటమ్మ కుండ వైపు తిరిగింది. ఆమె చేసిన తప్పు దాచుకునే మనిషి కాదు.

"మీకు శిక్ష పడిపోయింది" అంది. "పొంగిపోయిన పాలను తిరిగి తెచ్చుకునే దారి నా దగ్గర లేదు. ఇక నా శిక్ష. ఇంటికి రాగానే నేను ముందు కుండను చూశాను. కొడుకును తర్వాత చూశాను. ఈ పూట నాకు తిండి లేదు. ఇక మీదట పాలు పొయ్యి మీద ఉన్నంతసేపూ నేను ఇల్లు కదలను."

"మేమొక మాట అడగొచ్చా?" అన్నాయి పాలు.

"అడగండి."

"నువ్వు మమ్మల్ని చూస్తూ ఉంటే మేం కుండలోనే ఉంటాం. చూపు తిప్పావంటే మాత్రం పొంగుతాం. నీకు వినబడేలా పిలవడం మాకు అలాగే వచ్చు."

"పొంగండి" అంది తవిటమ్మ. "మీ వాసన తగిలితే ముందు వాడి ముఖం చూస్తాను. ఆ తర్వాతే మీ ముఖం."

మరునాడు దాచిన బెల్లం తీసి పాయసం చేసింది. పారమ్మకు తానే గిన్నెడు పట్టుకెళ్ళింది.

"పాకాడేటే? మరి నీకు చెప్పి పాకాడా?" అని పారమ్మ నవ్వింది.

తవిటమ్మ నవ్వలేదు. "వాడు చెప్పలేదే. పాలు చెప్పాయి" అంది.

నీళ్ళకు మాత్రం ఆ సిగ్గు అలాగే ఉండిపోయింది. మరిగినప్పుడు మూతను టకటకమని కొడతాయి, ఊరుకుంటాయి. అంతకు మించిన తెగువ వాటికి ఇప్పటికీ రాలేదు.

పాల సంగతి వేరు. అప్పటినుంచే పాల మీద మీగడ కడుతోంది. అప్పటినుంచే, ఎదురుగా నిలబడి చూసినంతసేపూ బుద్ధిగా ఉండే పాలు, ఇలా చూపు తిప్పగానే అలా పొంగిపోతున్నాయి. అప్పటినుంచే, మాడిన పాల వాసన తగిలితే ఏ పెరట్లో ఉన్న తల్లైనా పరుగున వచ్చి, ముందు పిల్లలెక్కడున్నారో చూసుకుంటుంది. కుండ దించేది ఆ తర్వాతే.