నలభై ఒక్కమందికి ఒక్క శాలువా

ఒకానొక రాజ్యంలో పట్టు శాలువాకి ఉన్న మర్యాద మనిషికి ఉండేది కాదు. ఆ రాజ్యాన్ని కీర్తిధరుడనే మహారాజు ఏలేవాడు. చెడ్డవాడు కాదు. ఇచ్చే చెయ్యి ఉంది, కరిగే మనసు ఉంది. కాని పొగడ్త చెవిన పడితే చాలు, ఉబ్బి తబ్బిబ్బయ్యేవాడు. ఆ ఉబ్బు తగ్గకుండా చూసుకోవడమే మహామంత్రి సూత్రశర్మ ఉద్యోగం.

పట్టు శాలువా కప్పుకోనివాళ్లు రాజసభలో అడుగు పెట్టరాదని సూత్రశర్మే ఒక నియమం పెట్టించాడు. "నిండు సభలో చిరుగు గుడ్డలు కనబడితే సింహాసనానికే చిన్నతనం ప్రభూ!" అన్నాడు. రాజుగారికి ఆ మాట తేనెలా అనిపించింది. ఆనాటినుంచి తూర్పు వాకిట కాపలా భటులు వచ్చినవాళ్ల భుజాలు చూసేవారే తప్ప ముఖాలు చూసేవారు కారు.

ఒక ఏడు తన పుట్టినరోజునాడు రాజుగారు అభయనిధి అని ఒకటి ప్రకటించాడు. ఇల్లు కూలినవాళ్లకీ, పనిముట్టు పోయినవాళ్లకీ, ఆసరా లేనివాళ్లకీ తలా పది వరహాలు. ప్రతి పున్నమినాడూ పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిండు సభలో తన చేతులతో తనే ఇస్తాడు. దండోరా మోగింది. కవులు పద్యాలు చదివి కడుపు నింపుకున్నారు.

మొదటి పున్నమికి సభలోకి ఎవరూ రాలేదు. రెండో పున్నమికీ రాలేదు. మూడో పున్నమికి రాజుగారు ఉదయం నుంచి వరహాల పళ్లెం ముందు కూర్చుని కూర్చుని నడుం నొప్పి తెచ్చుకున్నాడు.

"ఏమిటి శర్మగారూ, ఒక్కడూ రాడేం?" అన్నాడు.

సూత్రశర్మ చేతులు జోడించాడు. "ఇంకా అర్థం కాలేదా ప్రభూ? తమ పాలనలో పేదలే లేరు! ఇంత గొప్ప సంగతి రాతిమీద చెక్కించకపోతే ఎలా? 'పేదలు లేని రాజ్యం' అని ఒక విజయస్తంభం ఎత్తిద్దాం. నిధి ఎలాగూ ఎవరూ ముట్టకుండా పడి ఉంది కనుక ఖర్చుకి అది సరిపోతుంది."

సభంతా చప్పట్లు కొట్టింది. రాజుగారి మీసం పైకి లేచింది. ఒక్క మాచన మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మాచన ఆ సభలో విన్నపాలు చదివే చిన్న కొలువుగాడు. బక్కపలచని మనిషి, చెంపలు నెరిశాయి, నాలుక మాత్రం నెరవలేదు. అతని ఇల్లు తూర్పు వాకిలికి ఎదురుగానే ఉంది. పున్నమి పున్నమికీ ఎంతమంది వచ్చారో, ఎంతమందిని భటులు తోలేశారో కొలువుకి వెళ్లేముందు అరుగుమీద కూర్చుని చూసినవాడు.

"ఏం మాచనా, నీ చేతులకేమైనా జబ్బా?" అన్నాడు రాజు.

"లేదు ప్రభూ. చేద దించకుండానే బావి ఎండిపోయిందంటున్నారు మంత్రిగారు. ఒకసారి దించి చూశాక చప్పట్లు కొడదామని ఆగాను."

రాజుగారి ముఖం ఎర్రబడింది. "అయితే నువ్వే దించు! వచ్చే పున్నమికి ఒక్క పేదవాణ్ణి నా సభలో నిలబెట్టు. నియమం తప్పడానికి వీల్లేదు, శాలువా ఉండి తీరాలి. నిలబెట్టలేకపోతే నీ కొలువు ఊడినట్టే. నిధి స్తంభానికి పోయినట్టే."

"ఒక్కరికన్నా ఎక్కువమంది వస్తేనో?"

"ఎంతమంది వస్తే అంతమందికీ ఇస్తాను, పో!"

అదే కావలసింది మాచనకి.

మర్నాడే బండి కట్టించుకుని రేగడిపల్లెకి వెళ్లాడు. మూడు నెలల కిందట గాలివాన ఆ ఊరిని ఊపి వదిలింది. ఊరికి అయిదుగురు పెద్దల పంచాయతీ ఉంది. పెద్దకాపు గవరయ్య మాచనకి మంచం వేసి మజ్జిగ ఇచ్చాడు.

"అభయనిధి సంగతి మీకు తెలీదా గవరయ్యా?"

"తెలియకేం అయ్యగారూ? దండోరా విన్నాం. మొదటి పున్నమికి పదిమంది నడిచి వెళ్లారు. శాలువా ఏదంటూ వాకిట్లోనే తరిమేశారు. రెండోసారి ఇద్దరు వెళ్లారు. మూడోసారి, కూలి పోగొట్టుకుని తిట్లు తినడమెందుకని ఎవరూ కదల్లేదు."

"మీ ఊళ్లో సాయం ఎవరెవరికి కావాలో చెప్పగలరా?"

గవరయ్య నోరు తెరిచేలోపే పక్కనున్న అచ్చమ్మ అందుకుంది. ఆవిడ ఆ ఊరి మంత్రసాని, పంచాయతీలో అయిదో పెద్ద. "ఈ ఊళ్లో నేను దాటని గడప లేదు, నా చేతిలో పడని బిడ్డ లేదు. వినండి" అని వేళ్లు మడవడం మొదలుపెట్టింది. చాకలి రామన్న ఇంటి కప్పు, గొర్రెల పోలయ్య మంద, సాలె వీరన్న మగ్గం. ఎవరింట్లో పొయ్యి రెండు పూటలా వెలుగుతోందో, ఎవరింట్లో ఒక పూటే వెలుగుతోందో తడుముకోకుండా చెప్పింది. మధ్యలో గవరయ్య దగ్గి, "మా బావమరిది పశువుల పాక కూడా..." అన్నాడు.

"మీ బావమరిదికి ఇంకో పాక ఉంది. కూర్చో" అంది అచ్చమ్మ. గవరయ్య కూర్చున్నాడు.

లెక్క నలభై దగ్గర ఆగింది. "ఇంకొకతె ఉంది. అందరికంటే ఎక్కువ అవసరం దానికే. కాని చచ్చినా అడగదు" అని అచ్చమ్మ లేచింది. మాచన కూడా వెంట వెళ్లాడు.

కుమ్మరి పైడమ్మ ఇంటి ముందు కుండలు కాల్చే ఆము కూలి మట్టి దిబ్బయింది. కుండలు చేసే సారె రెండు ముక్కలైంది. పైడమ్మ లోపల బట్టలు మూట కడుతోంది. ఇద్దరు ఆడపిల్లలు మూట పక్కన కూర్చున్నారు.

"ఎక్కడికే?" అంది అచ్చమ్మ.

"పట్నానికి అత్తా. రాళ్లు మోసే పని ఉందంట. తొలకరి పడేలోగా ఆము లేవకపోతే మళ్లీ ఏడాది దాకా లేవదు. అంతదాకా ఏం తినాలి?"

"ఆము లేపడానికి రాజుగారు డబ్బిస్తాడంట, రా."

పైడమ్మ తల అడ్డంగా ఊపింది. "మా ఆయన పోయిననాడు కూడా నేను ఒకరి ముందు చెయ్యి చాపలేదు."

"చెయ్యి చాపడమేమిటే పిచ్చిదానా? ఇరవై ఏళ్లు మీ ఆయన ఆముకింత అని పన్ను కట్టాడు. ఆ సొమ్ము కోటలో చల్లగా కూర్చుంది. నువ్వెళ్లి ఓసారి పలకరించి రా."

పైడమ్మ పిల్లలకేసి చూసింది. తర్వాత మూట ముడి విప్పింది. "వస్తాను. కాని అందరికీ అందాక, చివర్న."

సభలో ఇన్నేళ్లు మాచన ఎన్నో విన్నపాలు చదివాడు, అసలు అడగలేనివాళ్ల విన్నపం ఒక్కటీ తన చేతికి రాలేదని అప్పుడు తట్టింది. సిగ్గుపడ్డాడు.

మాచన గవరయ్య ఇంటికి తిరిగొచ్చి, రోజూ కొలువుకి కప్పుకునేది కాక తనకున్న ఇంకో శాలువా సంచిలోంచి తీశాడు. ఆకుపచ్చ పట్టు, మామిడి పిందెల అంచు, చెంగున నేసిన రాజముద్ర. పదేళ్ల కిందట ఒక పద్యానికి మెచ్చి రాజుగారే కప్పింది. ఒక మూల మాత్రం ఏదో పెళ్లి భోజనంలో పడిన పులుసు మరక అలాగే ఉండిపోయింది.

"ఊరందరికీ ఒక్కటేనా అయ్యగారూ?" అన్నాడు గవరయ్య.

"నియమంలో శాలువా ఉండాలని రాశారు. ఎవరిదై ఉండాలో రాయలేదు" అన్నాడు మాచన. గవరయ్య ఒకసారి శాలువాని, ఒకసారి మాచనని చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

పున్నమి రానే వచ్చింది. సూర్యుడు కాస్త పైకెక్కేసరికి రేగడిపల్లె జనం తూర్పు వాకిలి పక్క నీడలో వరసగా కూర్చున్నారు. వరస ఎవరి తర్వాత ఎవరో పంచాయతీ ముందే తేల్చింది. మొదట చాకలి రామన్న శాలువా కప్పుకుని నడిచాడు. భటులు భుజం చూసి దండం పెట్టారు. రామన్న లోపలికెళ్లి, వరహాలు పుచ్చుకుని, పక్క వాకిట బయటపడి, శాలువా ఉండ చుట్టి గోడమీంచి విసిరాడు. అచ్చమ్మ కింద పడకుండా పట్టి రెండోవాడి భుజాన వేసింది.

లోపల రాజుగారు ఎవరినీ చూడటం లేదు. దానమిచ్చేవాడు పుచ్చుకునేవాడి ముఖం చూడరాదని ఏ పండితుడో చెప్పాడట. అందుకని పైకప్పు మీది చిత్రాలు చూస్తూ కుడి చేత్తో వరహాలు అందిస్తున్నాడు. పక్కన సూత్రశర్మ మర్యాద తప్పకుండా శాలువాలు చూస్తున్నాడు.

ముప్పయ్యో మనిషి దాటాక సూత్రశర్మ కనుబొమలు ముడిపడ్డాయి. నలభయ్యోవాడి దగ్గర పులుసు మరక ఆయన కంట పడింది. నలభై ఒకటోది పైడమ్మ. ఆమె చెయ్యి ముందుకు రాబోతుండగా, "ఆగు!" అని అరిచాడు. రాజుగారు ఉలిక్కిపడి పైకప్పునుంచి కిందకి దిగాడు.

"దొంగ దొరికాడు ప్రభూ! పొద్దుటినుంచీ వస్తున్నది ఒక్కడే! ఒకసారి గడ్డంతో వచ్చాడు, ఒకసారి గడ్డం తీసి వచ్చాడు. ఒకసారి కుంటాడు, ఒకసారి గూని పెట్టాడు. ఇప్పుడు చూడండి, ఏకంగా ఆడవేషం!"

పైడమ్మకి కోపమొచ్చింది. "నా వేషమేంటి బాబూ? ఇద్దరు పిల్లల తల్లిని!"

సభలో కిసుక్కున నవ్వులు వినిపించాయి. సూత్రశర్మ మాత్రం నవ్వలేదు. "రెండుసార్లు నిధి ముట్టినవాడికి వంద కొరడా దెబ్బలు, దేశ బహిష్కారం. ఇది నియమం" అన్నాడు. భటులు పైడమ్మకి అటూ ఇటూ నిలబడ్డారు.

మాచన ముందుకొచ్చాడు. "శిక్ష పడాల్సిందే ప్రభూ. నలభై ఒక్కసార్లు ఎవరొచ్చారో మంత్రిగారు చక్కగా పట్టుకున్నారు. వచ్చింది ఈ శాలువా. భటులు దారిచ్చింది దీనికే, దండం పెట్టింది దీనికే, మంత్రిగారు చూసిందీ దీన్నే. ఆ వంద దెబ్బలూ దీనికే కొట్టించండి. చెంగున తమ రాజముద్ర ఉంది, అక్కడ మాత్రం తగలకుండా కొట్టమనండి."

రాజుగారు చెంగు చూశాడు. తను కప్పిన శాలువాయే! సభ మొత్తం పెదవులు బిగబట్టింది.

"అంటే వచ్చింది నలభై ఒక్కమందా? ఏరీ? లోపలికి పిలు!"

"పిలుస్తాను ప్రభూ. కాని శాలువా ఒక్కటే కదా, ఒక్కొక్కరే రావాలి. ఒకరు చెప్పింది నిజమో కాదో చెప్పడానికి రెండోవాళ్లు ఉండరు. నియమం పక్కన పెడితే అందరూ వస్తారు."

"నియమం తప్పరాదు!" అన్నాడు సూత్రశర్మ.

"అయితే ప్రభువులే వాకిలి దాటి వేంచేయాలి. తమకెలాగూ శాలువా ఉంది."

రాజుగారు వేలు మీసం మీద పెట్టి కాసేపు ఆలోచించి, సింహాసనం దిగి నడిచాడు. వెనకే సభంతా నడిచింది. పైడమ్మ కూడా భటుల మధ్య నడిచింది.

వాకిలి బయట నలభైమందీ లేచి నిలబడ్డారు. రాజుగారు ఒక్కొక్కరి ముందూ ఆగాడు. గవరయ్య వాళ్ల పేర్లు చెప్పాడు, అచ్చమ్మ కష్టం చెప్పింది. "ఈయనకి కప్పు లేచిపోయింది. ఈయన మందలో ఒక్క పొట్టేలే మిగిలింది, అది కూడా గుడ్డిది." కాగితం లేదు, తడబాటు లేదు. అలాంటి పంచాయతీ ఉన్న ఊరిది అదృష్టమని రాజుగారికీ అనిపించి ఉంటుంది. ఎందుకంటే మీసం మెల్లగా కిందకి దిగింది.

సూత్రశర్మ ఇంకా ఓడిపోలేదు. "ప్రభూ, వీళ్లంతా పట్టు కప్పుకుని వచ్చినవాళ్లు. పట్టు కప్పినవాడు పేదవాడెలా అవుతాడు?"

"నిజమే" అన్నాడు మాచన. "ఈ శాలువా ఆరు మూరలు. నలభై ఒక్కమందికి పంచితే తలా నాలుగు వేళ్ల వెడల్పు కూడా రాదు. మూడున్నర వేళ్ల పట్టుతో మనిషి ధనవంతుడవుతాడంటే మంత్రిగారూ, రేపు తమరు అంతే కప్పుకుని సభకి రండి. చూస్తాం."

రాజుగారు ఫక్కున నవ్వాడు. భటులు నవ్వారు. ఆఖరికి సూత్రశర్మ కూడా తన ఒంటికేసి చూసుకుని నవ్వక తప్పింది కాదు.

నవ్వు తగ్గాక రాజుగారు గవరయ్యని అడిగాడు, "నేనేం చేస్తే బాగుంటుంది పెద్దకాపూ?"

"మాకు సొమ్ము అప్పగించకండి బాబూ, దానికి రెక్కలొస్తాయి. ఎవరికి అవసరమో ఊరి పంచాయతీ గడప గడపకీ తిరిగి తెలుసుకుంటుంది. మీ మనిషి ఊళ్లోకొచ్చి పదిమంది ముందూ చేతిలో పెడితే చాలు. అడగలేనోళ్లని మేం ముందు అడుగుతాం."

"అలాగే. ఈ పున్నమి నుంచి ప్రతి ఊళ్లోనూ అంతే!" అన్నాడు రాజు. "ఊరూరా తిరిగే ఆ మనిషి ఎవరంటారా? శర్మగారే. ఇన్నాళ్లూ భుజాలు చూశారు, ఇక ముఖాలు చూడటం నేర్చుకుంటారు."

తర్వాత మెడలోని ముత్యాల హారం తీసి మాచన మెడలో వేశాడు. జనం జేజేలు కొట్టారు. మాచన మాత్రం చెయ్యెత్తి ఆపాడు.

"ప్రభూ, నలభైమందికే అందింది. నలభై ఒకటో చెయ్యి ఇంకా ఖాళీగానే ఉంది."

అందరూ తిరిగి చూశారు. ఆ సందట్లో పైడమ్మని ఎవరూ పట్టించుకోలేదు, భటుల మధ్య అలాగే నిలబడి ఉంది. రాజుగారు స్వయంగా వెళ్లి, ఈసారి ఆకాశంకేసి కాకుండా ఆమె ముఖంకేసి చూస్తూ, పది వరహాలు రెండు చేతులా అందించాడు.

"పొరపాటైంది తల్లీ. ఇంకేమైనా కావాలంటే అడుగు."

నలభైమందీ మెడలు చాచారు. భూమి అడుగుతుందో బంగారం అడుగుతుందో అనుకున్నారు.

పైడమ్మ వరహాలు కొంగున ముడేసుకుంది. "మా ఊరు రోజు ప్రయాణం బాబూ. తొలకరికి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. మట్టి తొక్కాలి, ఆము కట్టాలి, అది ఆరాలి. మీ మాటలయిపోతే నన్ను తొందరగా పంపించెయ్యండి" అంది.

రాజుగారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, తన రథమే కట్టించి ఆమెని ఊరికి పంపాడు.