గళ్లలోకి చేరని వాక్యం

గవర్రాజు మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. విజయనగరంలో ఆయన చెప్పే ఆదివారం తరగతులకు వచ్చేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. దూరవిద్యలో డిగ్రీ చదువుకుంటున్న కండక్టర్లూ, నర్సులూ, కుట్టుపని చేసుకునేవాళ్లూ ఆయన శిష్యులు. తెలిసి తెలిసీ హైమావతి ఆ రోజు అడిగేసింది.

"బడిలో నేర్చుకోనిది చదువెలా అవుతుంది మాస్టారూ?"

ఆమె చేతిలో విశ్వవిద్యాలయం దరఖాస్తు ఉంది. బడి చదువు లేనివాళ్లు కూడా ఒక పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చు. చేతనైన పని ఏదైనా ఉంటే దానికీ పరీక్ష పెట్టి కొన్ని క్రెడిట్లు ముందే ఇస్తారు, ఆ మేరకు పేపర్లు తగ్గుతాయి. 'ఇంతకుముందు నేర్చుకున్నది' అనే గడిలో హైమావతి 'లేదు' అని రాసేసింది. గడువు రేపటితో సరి. ఈ ఏడు చేరకపోతే ఇక ఎప్పటికీ చేరనని ఆమె మనసుకి తెలుసు.

బడికి ఆమె వెళ్లింది మూడంటే మూడు రోజులు. నాన్న అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే కంపోజిటరు. ఆయన పక్కన కూర్చుని గళ్లపెట్టెలోంచి, అచ్చు కోసం తిరగేసి ఉండే సీసం అక్షరాలు ఏరుతూ నేర్చుకున్న పిల్ల కనుక, పలక మీద ప్రతి అక్షరాన్నీ అద్దంలో బొమ్మలా తిప్పి రాసింది. పంతులుగారు ఆ పలక ఎత్తి తరగతంతటికీ చూపించి, "దీనికి అక్షరమే ఎదురు తిరిగిందర్రా" అన్నారు. ఆ మధ్యాహ్నం ప్రెస్సుకు పారిపోయి వచ్చిన పిల్ల మళ్లీ బడి ముఖం చూడలేదు. ఆ తర్వాత పదేళ్లూ కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చుమిషను టకటకలూ, అక్షరాలు కడిగే కిరసనాయిలు వాసనానూ. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే చాలు, ఆమెకు ఆకలేస్తుంది. నాన్న తన ఇడ్లీలో సగం తుంచి పెట్టే వేళ అది.

మాస్టారు బీరువా తెరిచి, పురికొసతో బిగించి కట్టిన చిన్న సీసం అక్షరాల కట్ట ఒకటి తీసి బల్ల మీద పెట్టారు.

"చదవండి."

కండక్టరు భానోజీ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఏటి మాస్టారూ ఇది, తెలుగేనా? మా డిపో మేనేజరు సంతకంలాగుంది!" నర్సు నిర్మల సంచిలో అద్దం కోసం వెతకసాగింది.

అద్దం దొరికేలోపే హైమావతి వేలు ఆనించి చదివేసింది. "ఈ రోజు ప్రెస్సుకు సెలవు. ఇట్లు, యాజమాన్యం."

అందరూ గొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు. వేలు ఒక్కచోట ఆగిపోయింది.

"'సెలవు'లో 'ల' తలకిందులైంది. మా నాన్న ఇలా వెయ్యరు..." కట్టను దగ్గరికి లాక్కుంది. "ఇది నేను వేసింది మాస్టారూ. ఎనిమిదేళ్లప్పుడు. ఊళ్లోకి సర్కసు వచ్చింది. ప్రెస్సుకి సెలవైతే నాన్న తీసుకెళ్తారని."

"నా ప్రశ్నపత్రాలు అచ్చేసిన చనువుతో, ప్రెస్సు మూసేసిన రోజు మీ నాన్న తెచ్చిచ్చాడు," అన్నారు మాస్టారు. "కట్టలన్నీ విప్పి అక్షరాలను ఎక్కడివక్కడ గళ్లలో సర్దేశాడట. దీన్ని విప్పడానికి మాత్రం చెయ్యి రాలేదన్నాడు."

హైమావతి పురికొస ముడిని వేలితో తడిమింది. తర్వాత దరఖాస్తు ఆయన ముందుకు జరిపింది. "ఇప్పుడు ప్రెస్సూ లేదు, నాన్నా లేరు. నాకు పని వచ్చునని ఎవరు రాసిస్తారు?"

మాస్టారు కళ్లజోడు సవరించుకుని, గడిలో ఆమె రాసిన ఒక్క మాట వైపు తదేకంగా చూశారు.

"'లేదు' అని ఎంత గుండ్రంగా రాశావు తల్లీ! ఇది ఏ బడిలో నేర్చుకున్నావు?"