నాలుగో పిలుపు

అనగనగా, కంప్యూటరు ధాన్యం గాదెంత ఉండే రోజులు. ఏ దేశపు కంప్యూటరు ఆ దేశంలోనే నోట్లో నాలుక లేనట్టు పడుండేది. అప్పుడు సముద్రం ఒడ్డున, బెస్తవాళ్ళ పల్లెలో నూకరత్నం అనే పిల్ల ఉండేది. ఆ పిల్ల తండ్రిని తుపాను మింగింది.

"గాలొస్తందని అవతలి దేశపోళ్ళకి ముందే తెలుసంట. మనకి సెప్పే దారే లేదు" అన్నాడు అన్న పోలయ్య.

ఆ మాట పిల్ల మనసులో ముల్లులా దిగింది. పెద్దదై కంప్యూటరు చదువు చదివింది. మన యంత్రాలను కలుపుదామని మూడు దేశాలను అడిగింది.

"మీ యంత్రం మాట మా యంత్రానికి తెలీదు" అంది మొదటి దేశం. రెండింటికీ తెలిసే మాట కుదిర్చింది. "సముద్రం అడ్డముందిగా" అంది రెండో దేశం. సముద్రం అడుగున తీగ వేయించింది. అప్పటికే ఆమె జుట్టు నెరిసింది. "మీకోసం తీగ పట్టుకుని ఊరికే కూర్చోలేం" అంది మూడో దేశం. లేనిపోని గొప్ప.

అప్పుడు నూకరత్నమే ఒక కట్టుబాటు పెట్టింది. "'ఉన్నావా' అని అడగండి. 'ఉన్నా' అంటాం. మూడుసార్లు అడిగినా పలక్కపోతే తీగ విప్పేయండి."

ఒకరోజు తీగ మీద తుపాను కబురొచ్చింది. పడవలన్నీ అప్పటికే సముద్రంలో ఉన్నాయి, పోలయ్య పడవతో సహా. గాలి ఎటు తిరుగుతోందో తీగ చెబుతోంది. ఎటు మళ్ళాలో నూకరత్నం పడవలకు రేడియోలో చెబుతోంది. మధ్యమధ్య 'ఉన్నావా' అని వస్తే 'ఉన్నా' అని కొడుతోంది. ఒడ్డున తీగ ఉన్న గదిలోకి నీళ్ళొచ్చాయి. తోటివాళ్ళంతా వెళ్ళిపోయారు. నేనైనా పోయేవాణ్ణే, అబద్ధమెందుకు?

"సెల్లీ, లెగిసి ఎల్లిపోవే" అన్నాడు పోలయ్య రేడియోలో.

"నాను లేస్తే తీగ ఇప్పేస్తారన్నా."

"అలాటి కట్టుబాటు ఎవులెట్టినారే?"

"నానే."

అన్న ఆమె చెప్పిన వైపే పడవ మళ్ళించాడు.

పడవలన్నీ ఒడ్డెక్కాయి. అవతలి దేశంలో తీగ దగ్గరున్న మనిషి 'ఉన్నావా' అని అడిగాడు. పలుకు లేదు. రెండోసారి అడిగాడు. లేదు. మూడోసారీ లేదు. తీగ విప్పాలి. అతనికి చేతులు రాలేదు. కట్టుబాటు తప్పి నాలుగోసారి అడిగాడు.

పోలయ్య పరుగున వచ్చేసరికి ఆ గదే లేదు.

ఇప్పటికీ ఆ పల్లెలో పడవ తిరిగి రాకపోతే ఒడ్డున నిలబడి పోయినవాడి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. తర్వాత ఇంటికి పోవాలి. పోరు. నాలుగోసారి పిలుస్తారు. దాన్ని రత్నం పిలుపు అంటారు. దానికి ఎవరైనా పలికారని నేను వినలేదు. అయినా పిలుస్తూనే ఉన్నారు.