ఇందుమతికి కొవ్వెక్కిందట

అనగా అనగా, బస్సు దిగి కాస్త నడిస్తే వచ్చే ఒక ఊళ్ళో ఇందుమతి అనే పిల్ల ఉండేది. తొమ్మిదో తరగతి. బొద్దుగా ఉండేది, ఎవరేమన్నా నవ్వి ఊరుకునేది. పైకి నవ్వేదే గానీ మెట్లెక్కితే ఆయాసం, ఆటల పీరియడ్ అంటే భయం. ఆ పిల్లంటే వాళ్ళ నాయనమ్మ రాఘవమ్మకి ప్రాణం. ఆ ప్రేమనంతా నెయ్యిలో కలిపి పెట్టేసేది. ఏదీ, దుప్పటి కప్పనీ, ఊఁ కొట్టు.

ఒకసారి బడిలో పిల్లలందరికీ రక్తపరీక్ష చేశారు. అప్పుడు డాక్టరమ్మ రాఘవమ్మని పిలిపించి, "మీ పిల్లకి కొవ్వు ఎక్కువగా ఉందమ్మా" అంది.

రాఘవమ్మకి ఒళ్ళు మండిపోయింది. "మా పిల్లకా కొవ్వు? పెద్దవాళ్ళకి ఎదురుచెప్పి ఎరగదు. కావాలంటే వాళ్ళ మేష్టార్ని అడగండి" అంది.

డాక్టరమ్మ నవ్వాపుకుని, "పొగరు కాదమ్మా, రక్తంలో చేరే కొవ్వు. కొలెస్ట్రాల్ అంటాం. ఇప్పుడే తగ్గించుకోకపోతే పెద్దయ్యాక గుండెకి ముప్పు" అంది. రోజూ ఒళ్ళు కదలాలి, తిండి మారాలి అని చెప్పింది. ఏం తినాలో నేర్పే వసుంధర మేడం దగ్గరికి ఆదివారాలు పంపమంది.

ఇందుమతి వెళ్ళింది. కంచంలో సగం కూరలుండాలని, వేపుళ్ళు ఎప్పుడో గానీ తినకూడదని శ్రద్ధగా నేర్చుకుంది. ఇంటికొచ్చి నాయనమ్మకీ చెప్పింది. వింటేగా ఆవిడ.

మొదటి రోజు పప్పన్నం అడుగున నెయ్యి దాచింది. రెండో రోజు వంకాయ బజ్జీలు వేసి, "లోపల ఉన్నది కూరగాయేగా" అంది. మూడో రోజు మీగడంతా పెరుగులో కలిపేసి, మజ్జిగేనంది.

ఇందుమతి అన్నీ తినేసింది. వద్దంటే నాయనమ్మ చిన్నబోతుంది. తింటే తన గుండె పాడవుతుంది. పాపం, ఏం చెయ్యాలో తోచక కంచం ముందే ఏడ్చేసింది.

"నాకు భయంగా ఉంది నాయనమ్మా. నువ్వు పెడితే నేను కాదనలేను. నువ్వే పెట్టకు."

రాఘవమ్మ చేతిలోని గరిటె కింద పెట్టేసింది. "పెట్టకపోతే మరి నీకు నేనేం చెయ్యనే?" అంది. ఆ గొంతులో కోపం లేదు, దిగులుంది.

"నాతో నడు" అంది పిల్ల.

అప్పుడు ఇద్దరూ బయల్దేరారు. మొదట వీధి చివరి దాకా. ఆ తర్వాత రైలు గేటు దాకా. ఆ తర్వాత కాలవ వంతెన దాకా. మోకాళ్ళని తిట్టుకుంటూనే నడిచేది రాఘవమ్మ. ఆదివారం క్లాసుకీ వెళ్ళి ముందు వరసలో కూర్చుని మేడంతో వాదించేది. అంతా వాదించి, ఇంటికొచ్చి మేడం చెప్పినట్టే వండేది. ఇందుమతి ఒక్కోరోజు రానని మొండికేసినా ఊరుకునేది కాదు. మెల్లగా ఆ పిల్ల పరుగందుకుంది, ఖోఖోకి కూడా దిగింది.

కొన్ని నెలలకి మళ్ళీ పరీక్ష చేస్తే కొలెస్ట్రాల్ బాగా తగ్గింది. ఇలాగే సాగించమంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం రాఘవమ్మ ఒక్కటంటే ఒక్క సున్నుండ చుట్టి, రెండుగా విరిచింది. ఎప్పుడూ పెద్ద ముక్క మనవరాలికి పెట్టే మనిషి, ఆ రోజు పెద్దది తన నోట్లో వేసుకుని, చిన్నది ఇందుమతి చేతిలో పెట్టింది. నాయనమ్మ తనకి ఇంత ప్రేమగా ఎప్పుడూ పెట్టలేదనిపించింది ఆ పిల్లకి.

కథ పోయె కంచికి,
కునుకు వచ్చె కంటికి.